పదకొండు గుండీల గౌను

జనవరి 12, ఆదివారం, ఉదయం 11 గంటల 5 నిమిషాలకు తమ్ముడి భార్య తనకు తానే ఒక షరతు పెట్టుకుంది.

అప్పుడామె మంచం అంచున కూర్చుని ఉంది. ఎదురుగా కుర్చీలో ఆడపడుచు, ఆడపడుచు ఒడిలో రెండేళ్ళ రెండు నెలల పాప. పాప మంచం మీద ఉన్నామె కన్నకూతురే. అయినా పదకొండో నెల నిండినప్పటి నుంచి మేనత్త ఇంట్లోనే పెరుగుతోంది. తల్లికి రక్తానికి సంబంధించిన జబ్బు చేసింది. మందులు జబ్బును లొంగదీశాయి గానీ, పోతూ పోతూ వేళ్ళ చివరల్లోని స్పర్శను పట్టుకుపోయాయి. తిరిగి వస్తుందో రాదో, వస్తే ఎప్పటికి వస్తుందో డాక్టరు చెప్పలేదు. తెలియనిది తెలియదన్నందుకు మేనత్తకు ఆ డాక్టరు మీద గౌరవం కలిగింది.

"నా చేతులతో నేను దీనికి గౌను తొడిగి గుండీలన్నీ పెట్టగలిగిన రోజున తీసుకొచ్చి దించెయ్ వదినా," అంది మరదలు. "అంతవరకూ నీ దగ్గరే ఉండనీ. మీ తమ్ముడు పొద్దున ఆరింటికల్లా వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఇంట్లో మేమిద్దరమే. నేను దీన్ని చూసుకోవాలి గానీ, ఇది నన్ను చూసుకోకూడదు కదా!"

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. గుమ్మానికి ఆనుకుని నిలబడి నవ్వాడు. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ఇంట్లో అక్కే పూర్తి మొగుడు. ఆ అర్ధం నేను."

"ఆ అర్ధమైనా పొద్దున ఏడింటికి ఇంట్లో ఉంటే బాగుండు," అంది భార్య.

మేనత్త "సరేనమ్మా" అంది. ఆ మాటకు దుఃఖం కలగాలో సంతోషం కలగాలో ఆలోచించింది. రెండూ రాలేదు. పాప చెప్పు ఊడిపోతుంటే సరిచేసింది.

మేనత్త వయసు నలభై ఏడు. రసాయనశాస్త్రంలో డిగ్రీ చదివి, పిల్లల దుస్తులను పరీక్షించే ఒక సంస్థలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంది కాబట్టి అక్కడివాళ్ళు ఆమెను టేపక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. పెళ్ళైన నాలుగేళ్ళకు భర్త వేరే కాపురం పెట్టుకున్నాడు. విడాకుల కాగితాల్లో పెళ్ళి తేదీ ఒకరోజు తప్పుపడితే, దాన్ని కొట్టేసి సరైన తేదీ వేసి, పక్కన పొట్టి సంతకం చేసి ఇచ్చింది. ఆనాడు ఆమె చేసిందల్లా అదొక్కటే అని తమ్ముడు ఇప్పటికీ బంధువులకు చెబుతుంటాడు.

ఆమె చేసే పరీక్షల్లో ముఖ్యమైనది గుండీలది. గౌనుకు కుట్టిన గుండీని యంత్రం దవడల మధ్య బిగించి, తొంభై న్యూటన్ల బలంతో పది సెకన్లు లాగుతారు. ఊడకపోతే నమూనా నెగ్గినట్టు. ఊడితే, ఆ గుండీని పసిపిల్లల గొంతు కొలతకు చేసిన గొట్టంలో వేసి చూస్తారు. గొట్టం వ్యాసం ముప్పై ఒకటి పాయింట్ ఏడు మిల్లీమీటర్లు. అందులో పట్టే వస్తువు పిల్లల గొంతులోనూ పడుతుంది.

కొక్కెం సూదితో అల్లే క్రోషా ఆమెకు అక్కడే పట్టుబడింది. పరీక్షలో ఓడిన నమూనాలను పారేసేముందు, లోపం ఎక్కడుందో చూడటానికి ఒక్కొక్క ముడీ విప్పేది. కొక్కెం సూది ఏ కన్నంలో దూరి, ఏ దారాన్ని లాక్కుని బయటికి వచ్చిందో వెనక నుంచి ముందుకు చదువుకుంది. అల్లడం కంటే విప్పడం ముందు నేర్చిన మనిషి కావడంతో, ఆమె అల్లికలో ముడులన్నీ ఒకే బిగువున ఉంటాయి.

షరతు విన్న మర్నాడే గౌను మొదలుపెట్టాలనుకుంది. పాప తల్లి దగ్గరికి వెళ్ళేరోజున వేసుకోవడానికి. పుట్టినప్పుడు కేజీ తొమ్మిది వందల గ్రాములే ఉన్న పాపను ఇంట్లో అందరూ గింజ అనేవారు. ఇప్పుడు పన్నెండు కేజీలున్నా పేరు మారలేదు. ఛాతీ చుట్టుకొలత నలభై తొమ్మిది సెంటీమీటర్లు. కదలడానికి నాలుగు కలిపితే యాభై మూడు. పది సెంటీమీటర్లకు ఇరవై ఒక్క ముడులు పడుతున్నాయి. అంటే చుట్టూ నూట పదకొండు. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకుంటూ పోవాలి, అడుగున కుచ్చులు.

రంగు ఎంచడానికి మూడు దారాలు పట్టుకెళ్ళి, రంగుల విభాగంలో పనిచేసే పెద్దాయన ముందు పెట్టింది. పిల్లలు బట్టల్ని నోట్లో పెట్టుకుంటారు కాబట్టి, ఉమ్మి లాంటి ద్రావణంలో నానబెట్టి రంగు దిగుతుందో లేదో చూడటం ఆయన పని.

"సొంత పనికి ఆఫీసు ఉమ్మి వాడుకోవడం ఎంతవరకు న్యాయం టేపక్కా?" అన్నాడాయన.

"మూడు చుక్కలు."

"మూడు చుక్కలంటే మూడే. నాలుగో చుక్క కావాలంటే నేనే స్వయంగా..."

"వద్దు," అందామె.

నీలం దారం నిలిచింది. ఆకుపచ్చ, ఎరుపు దిగిపోయాయి.

ఆమె ఇల్లు రెండు గదులు. ముందు గదిలో కిటికీ, కిటికీ కింద బల్ల, బల్ల కింద గింజ ఆస్తిపాస్తులు: మూతలు, ఒంటి మేజోడు, చక్రం పోయిన లారీ. గింజ పగలంతా కింది వాటాలోని పిల్లల కేంద్రంలో ఉంటుంది. సాయంత్రం ఐదు నలభైకి ఇంటికి తెచ్చుకున్నాక, గింజ బల్ల కింద ఆడుకుంటుంటే ఆమె బల్ల దగ్గర అల్లేది. రోజుకు నాలుగు వరుసలు, ఒక్కోరోజు ఐదు.

"ఎవలిది?" అని గింజ రోజూ అడిగేది.

"నీదే."

"ఫోనమ్మ దగ్గలికా?"

గింజకు తల్లి చాలాకాలం ఫోన్లోనే తెలుసు. ఇంటికి వెళ్ళి చూడటం రెండు నెలలుగానే. అందుకే ఫోనమ్మ అంటుంది. మరదలు ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు, "బాగుంది, చార్జింగు పెడితే లేచి తిరుగుతాను కూడా," అంది.

"అవును, ఫోనమ్మ దగ్గరికే," అనేది మేనత్త, వరుస లెక్క తప్పకుండా.

గౌను వెనకభాగం తెరుచుకునేలా అల్లి, మెడ నుంచి నడుము దాకా పదకొండు గుండీలు కుట్టింది. తొమ్మిది మిల్లీమీటర్ల ముత్యపు రంగు గుండీలు. దగ్గర దగ్గరగా ఉంటే బరువు సమంగా పంచుకుంటాయి, మధ్యలో గౌను నోరు తెరవదు. అదే దారంతో, అదే పద్ధతిలో విడిగా ఒక ముక్కమీద రెండు గుండీలు కుట్టి యంత్రంలో పెట్టి చూసింది. నూట నాలుగు న్యూటన్ల దగ్గర కూడా కదల్లేదు. ఇరవై ఆరు రోజుల అల్లిక పూర్తయింది.

మార్చి 2, ఆదివారం, గింజకు పాత చొక్కా వేసి, కొత్త గౌనును సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

గౌను చూసి మరదలి మొహం విచ్చుకుంది. "అమ్మో, ఇది దుకాణంలో పెడితే మనం కొనలేం వదినా!" అని గింజను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని తలమీదుగా తొడిగింది. అది సులభంగానే దిగింది. గింజను వెనక్కి తిప్పి మొదటి గుండీ పట్టుకుంది.

గుండీ జారింది. మళ్ళీ పట్టుకుంది. బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య గుండీ లేదు, దారం ఉంది. మూడోసారి గుండీ దొరికింది గానీ, రెండో చేతిలోని కాజా జారిపోయింది. మరదలు మెడ వంచి, కళ్ళు దగ్గరగా పెట్టి, పెదవి కొరుక్కుంటూ ఒకటి పెట్టింది. రెండోది పెట్టాననుకుంది, చూస్తే అది నాలుగో కాజాలో ఉంది. గింజ అటూ ఇటూ మెలికలు తిరగసాగింది.

"కదలకమ్మా బంగారూ. కాసేపు బొమ్మలా ఉండు."

"అత్త పెత్తాలి," అంది గింజ.

"అత్త రోజూ పెడుతుందిలే. ఇవాళ నేను."

"అత్తా!"

తమ్ముడు లేచి, "ఇలా తే, నేను పెడతాను," అన్నాడు.

"నువ్వు పొద్దున ఆరింటికి ఏ లిఫ్టులో ఇరుక్కుని ఉంటావో నాకు తెలీదు. కూర్చో," అంది భార్య. అయిదో గుండీ దగ్గర చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది. మాట మామూలుగానే వచ్చింది. "గుండీ పట్టుకున్నానని కంటికి తెలుస్తోంది వదినా. వేలికి తెలియట్లేదు. ఇంకో నెల నీ దగ్గరే ఉంచు. ఇంకా కావాలంటే ఆ పై నెల కూడా."

"అలాగే," అంది మేనత్త.

పెట్టినవి కూడా విప్పి, మొదటి నుంచి ఆమె పెట్టింది. పదకొండూ చకచకా పడ్డాయి. గింజ కదలకుండా నిలబడింది.

తిరుగు బస్సులో గింజ నిద్రపోయింది. కిటికీ అద్దంమీద వాన చినుకుల మచ్చలు ఆరిపోయి ఉన్నాయి. మేనత్త వాటిని చూస్తూ కూర్చుంది. ఇంకో నెల అన్నప్పుడు తనకు ఊరట కలిగిందా అని తనను తాను అడిగింది. ఊరటలాంటిదేమీ తగల్లేదు. బాధలాంటిదీ తగల్లేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి, నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని వెనక్కి నడిచింది.

సోమవారం భోజనాల వేళ రంగుల పెద్దాయన అడిగాడు. "ఏమైంది టేపక్కా, నా ఉమ్మి గౌను? మెచ్చుకున్నారా?"

"మెచ్చుకుంది. వెనక గుండీలు పెట్టలేకపోయింది."

"ఎన్నున్నాయి?"

"పదకొండు. తొమ్మిది మిల్లీమీటర్లవి."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. ఆమె మరదలి జబ్బు సంగతి ఆయనకు తెలుసు. సెలవు చీటీలు చూసినవాడే. "వేళ్ళు పని చేయని మనిషికి తొమ్మిది మిల్లీమీటర్ల గుండీలా? అవీ పదకొండు? అది గౌనా, తాళం కప్పా?"

ఆమె మెడలోని టేపును వేలికి చుట్టుకుంది.

"మన దగ్గర గుండీ ఊడుతుందా లేదా అనే కదా చూస్తాం," అన్నాడాయన, కాస్త గొంతు తగ్గించి. "పెట్టడానికి వస్తుందా రాదా అని ఏ మిషనూ చూడదు. అలవాటులో పొరపాటు జరిగుంటుంది. వదిలేయండి."

పరీక్షలో ఓడిన ప్రతి నమూనాకూ ఆమె ఒక పత్రం నింపాలి. అందులో 'లోపానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో ఆ గడిని ఆమె ఖాళీగా వదల్లేదు. ఆ మధ్యాహ్నం తన బల్ల దగ్గర కూర్చుని ఆలోచించింది. మరదలి వేళ్ళ సంగతి డిసెంబరు నుంచీ తనకు తెలుసు. షరతు చెవులారా విన్నది. గుండీలు కొన్నది ఫిబ్రవరి మొదటి వారంలో. దుకాణంలో పెద్దవి కూడా ఉన్నాయి. చేతిలోకి తీసుకుని చూసి, తిరిగి డబ్బాలో వేసింది. ఎందుకు వేసిందో గుర్తు లేదు. పొరపాటని చెప్పడానికి ఆధారం లేదు. కాదని చెప్పడానికీ లేదు. ఈ ఏడు వారాల్లో ఒక్కరోజు కూడా ఆమె పాపను ఇవ్వనని అనుకోలేదు. ఇస్తానని అనుకున్నట్టూ గుర్తు లేదు.

సాయంత్రం పని ముగిశాక, రెండు జతల రబ్బరు తొడుగులు చేతులకు వేసుకుని, వాటిమీద ఒక జత నూలు తొడుగులు వేసుకుంది. వేళ్ళ చివరలు మొద్దుబారిపోయాయి. నమూనాల అరలోంచి రకరకాల గుండీలు తీసి, ఒక్కొక్క దాన్ని పదిసార్లు కాజాలో దూర్చడానికి ప్రయత్నించింది. తొమ్మిది మిల్లీమీటర్ల గుండీ పదింటిలో ఒకసారి పడింది. పదిహేనుది మూడుసార్లు. పాతికది ఏడుసార్లు. ముప్పై నాలుగు మిల్లీమీటర్ల చెక్కబిళ్ళ, అంచున గట్టు ఉన్నది, పదికి పదిసార్లూ పడింది. పైగా అది ఊడినా గొంతు గొట్టంలో పట్టదు. తొడుగులు విప్పేసరికి చేతులు చెమటతో నానిపోయి ఉన్నాయి.

గుండీలు వీపున ఉండకూడదని కూడా అప్పుడే తేల్చుకుంది. వీపున ఉంటే పాప మొహం తల్లికి కనపడదు, తల్లి పని పాపకు కనపడదు. గుండీలు ముందుకు రావాలి. ముందుకు రావాలంటే మెడ మారాలి. మెడ దగ్గర మొదలైన అల్లికను మెడ నుంచి విప్పడం కుదరదు. క్రోషా ముగించిన చోటి నుంచే ఊడుతుంది. కుచ్చులు, నడుము, ఛాతీ అన్నీ ఊడదీస్తే గానీ మెడ చేతికి రాదు.

గింజకు ఆ పని బహు నచ్చింది. చివరి ముడి విప్పి కొస చేతికిస్తే, గదంతా పరుగెత్తింది. దారం ముడి ముడికీ టకటకా ఊడివచ్చింది.

"గౌను పోతోంది అత్తా!"

"పోనీ. మళ్ళీ వస్తుంది."

"పోతోంది, పోతోంది!" గింజ కుర్చీ కాలు చుట్టూ, బల్ల చుట్టూ, మేనత్త కాళ్ళ చుట్టూ దారం తిప్పి, చివరికి తనే చిక్కుకుని పడి, పడినందుకు పెద్దగా నవ్వింది.

ఇరవై ఆరు రోజుల అల్లిక నలభై నిమిషాల్లో దారమైపోయింది. దారమంతా వంకీలు తిరిగి ఉంది. దాన్ని చిలపలుగా, అంటే పొడవాటి వదులు చుట్టలుగా చుట్టి, ఆవిరి పట్టి, చిన్న బరువు కట్టి స్నానాలగదిలో వేలాడదీసింది. తెల్లారేసరికి నిటారుగా దిగింది.

వారం మధ్యలో తమ్ముడు ఫోన్ చేశాడు. వెనక ఎక్కడో లిఫ్టు గంట మోగుతోంది. "మళ్ళీ అల్లుతున్నావటగా? మా ఆవిడ నెల గడువిచ్చిందిగా అక్కా, నీకెందుకంత తొందర?"

"తొందరేం లేదు."

"మరి?"

"రోజుకు ఆరు వరుసలు అవుతున్నాయి. అయ్యాక తెస్తాను."

"నీకేం అనిపించట్లేదా అక్కా?" అన్నాడు.

"వరుస మధ్యలో ఉన్నాను. తర్వాత మాట్లాడతాను," అని పెట్టేసింది. వరుస పూర్తిచేసింది. తర్వాత ఫోన్ చేయలేదు.

మార్చి 23, ఆదివారం, మూడో అంతస్తులోని అదే గదిలో, అదే మంచం అంచున మరదలు కూర్చుంది. గింజ బట్టలు, మందుల సీసా, చక్రం లేని లారీ ఉన్న రెండు సంచులు తలుపు పక్కన ఉన్నాయి. మేనత్త వాటిని తెస్తున్నానని ముందుగా చెప్పలేదు. మరదలు ఒకసారి సంచుల వైపు, ఒకసారి ఆడపడుచు వైపు చూసింది.

నీలం గౌనుకు ఇప్పుడు ముందువైపు మూడే గుండీలు. చెక్కబిళ్ళలు. కాజాల బదులు రెండు పేటల దారంతో అల్లిన గట్టి ఉచ్చులు.

మరదలు అరచేతిలో మొదటి బిళ్ళను పెట్టుకుని దాని గట్టును బొటనవేలి మొదలుతో నొక్కిపట్టింది. వేలి చివరతో పని లేకపోయింది. ఉచ్చును రెండో చేత్తో లాగి బిళ్ళమీదుగా వేసింది. జారింది. మళ్ళీ వేసింది. పడింది.

"ఒకతి!" అంది గింజ, తన పొట్టవైపు చూసుకుంటూ.

రెండోది చాలాసేపు తీసుకుంది. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి అవసరం లేకపోయినా గోడ గడియారాన్ని సరిచేస్తున్నాడు. మేనత్త కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు మోకాళ్ళమీద ఉన్నాయి. గింజ కాలు మార్చి నిలబడింది, ముక్కు గోక్కుంది, తల్లి మొహంలోకి దగ్గరగా చూసి, "నీకు చెమత," అంది.

"అవునే, చెమటే. నీ మేనత్త పెట్టిన పరీక్ష ఇది."

మూడో బిళ్ళ పడింది. మరదలు చేతులు గాల్లోకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అవి తనవేనా అన్నట్టు. ఆ తర్వాత మొహం పక్కకు తిప్పింది. తిరిగి ఇటు చూసినప్పుడు నవ్వుతోంది.

"లెక్కపెట్టే ఉంటావు వదినా. నిన్నెరగనా? చెప్పు, ఎంతసేపు?"

"నూట నలభై ఒక్క సెకన్లు."

"ఏం మనిషివి తల్లీ! పది తగ్గించి చెప్పినా నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు," అని ఒప్పుకుంది మేనత్త.

"రేపు మీ తమ్ముడు పోయాక నేనొక్కదాన్నే పెడతాను. పెట్టి నీకు చెబుతాను. దొంగలెక్క చెప్పనులే, గడియారం చూసే చెబుతాను." మరదలు తలుపు వైపు చూసింది. "సంచులు తెచ్చావు."

"తెచ్చాను."

"నెల కాలేదు."

"నువ్వు నెలని షరతు పెట్టలేదు. గుండీలని పెట్టావు."

మరదలు లేచి వచ్చి ఆడపడుచు చేయి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో ఆమె వేళ్ళకు తెలియదు. ఆడపడుచు మణికట్టుమీద మచ్చ పడింది. మేనత్త చేయి విడిపించుకోలేదు. "రాత్రి ఒంటిగంటకు ఒకసారి లేచి నీళ్ళడుగుతుంది. గ్లాసు వద్దు, మూత గిన్నె. ఎడంవైపు పడుకుంటే దగ్గు వస్తుంది," అని మాత్రం చెప్పింది.

"ఆదివారాలు మానకు వదినా."

"చూస్తాను."

గింజ అప్పటికే వంటగదిలో ఉంది. తండ్రి పనిముట్ల పెట్టె దొరికింది. "గింజా, అత్త వెళ్తోందే," అని తమ్ముడు పిలిస్తే, తలెత్తకుండా చేయి ఊపింది.

సాయంత్రం మేనత్త ఇంటికి వచ్చి, బల్ల కింద ఊడ్చింది. ఒక మూత దొరికితే కడిగి తుడిచి కిటికీలో పెట్టింది. అన్నం ఒక గ్లాసు బియ్యానికి బదులు అలవాటుగా ఒకటిన్నర వండింది, మిగిలింది మూతపెట్టింది. రాత్రి ఒంటిగంటకు మెలకువ వచ్చిందో లేదో ఆమెకు గుర్తు లేదు.

మర్నాడు ఉదయం పరీక్షాశాలలో, యంత్రం దవడల మధ్య ఎవరిదో పసుపు చొక్కా గుండీ బిగించి మీట నొక్కబోతుండగా ఫోన్ వెలిగింది. మరదలు పంపిన సందేశం. అందులో మాటలేవీ లేవు.

94.